పదకొండో పాఠం

కొండ మీంచి దిగిన మంచు ఇంకా పెరట్లోనే నిలిచి ఉంది. కొబ్బరిచెట్ల మొదళ్ళు కనబడుతున్నాయి గానీ తలలు కనబడటం లేదు. వంటింట్లో మూకుడులో వెల్లుల్లి వేగుతోంది. రాత్రి మిగిలిన అన్నం పొడిపొడిగా విడదీసి పక్కన గిన్నెలో ఉంది. ఫ్రిజ్‌కి ఆనించి పెట్టిన ట్యాబ్ తెర మీద నీలం చొక్కా వేసుకున్న సెవెరీనో కతిగ్బక్ గారు గొంతు సవరించుకుని, "శుభోదయం. మీరు ఎక్కడ కూర్చుని వింటున్నా సరే, ముందు మీ పొలంలో మట్టిని ఒకసారి తలుచుకోండి," అన్నారు.

"తలుచుకున్నాం లెండి," అంది ఫెలిసిదాద్, గరిటె తిప్పుతూ.

ఆవిడకు డెబ్భై మూడేళ్ళు. భర్త సెవెరీనో పోయి ఆరేళ్ళయింది. ఆయన వరి సాగు మీద చెప్పిన ముప్ఫై రెండు పాఠాలు విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇప్పటికీ నడుస్తున్నాయి. ఫెలిసిదాద్ పొద్దుటికొకటి చొప్పున వాటిని వింటుంది. ముప్ఫై రెండూ అయిపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ ఇంట్లో రోజులకు పేర్లు కూడా అలాగే స్థిరపడిపోయాయి. కుళాయి బాగుచేసిన మనిషి వచ్చింది నాలుగో పాఠం నాడు. మయూమి పన్ను పీకించుకున్నది ఇరవయ్యో పాఠం నాడు. పాఠం నడుస్తున్నంతసేపూ ఆయన బయట అరుగు మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఇంకాసేపట్లో లోపలికి వచ్చి కాఫీ అడుగుతారనిపించేది.

మయూమి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. నలభై నాలుగేళ్ళది. తండ్రి పనిచేసిన విశ్వవిద్యాలయంలోనే ప్రొఫెసరు. ఆన్‌లైన్ పాఠాలు తయారుచేయడం ఆమె పని. ఆ పొద్దున కూడా తల్లి వేయించిన అన్నం, ఎండుచేప తింటూ తండ్రి గొంతు వింది. ఈ మాటల్ని ఎక్కడ కత్తిరించిందో, ఎక్కడ అతికించిందో ఆమెకు బాగా తెలుసు. అయినా వింటుంటే మత్తుగా ఉండేది, చిన్నప్పుడు వానలో ముసుగుతన్ని పడుకున్నట్టు.

ఆ గొంతును మొదట రేడియోలో వింది. తెల్లవారుజామున రైతుల కార్యక్రమం చెప్పడానికి వెళ్తూ ఆయన కూతుర్ని కూడా తీసుకువెళ్ళేవారు. గాజు అద్దానికి ఇవతల, దుప్పటి కప్పుకుని, కుర్చీలో ఆమె సగం నిద్రలో ఉండేది. తర్వాత కాగితం పాఠాలు వచ్చాయి. కట్టలు కట్టి ఓడల మీద దీవులకు పంపేవారు. జవాబులు నెలకో రెండు నెలలకో బురద వేలిముద్రలతో తిరిగి వచ్చేవి. ఆ తర్వాత క్యాసెట్లు, డిస్కులు, చివరికి ఇంటర్నెట్టు. మయూమి ఉద్యోగంలో చేరేనాటికి అందరూ గంట గంటన్నర పాఠాలు అలాగే తెరకెక్కించి, పని అయిపోయిందనుకుంటున్నారు. ఆమె మాత్రం ఓడెక్కి దీవులకు వెళ్ళింది. పిల్లలు ఎలా చదువుతున్నారో చూద్దామని. ఒక చోట జాలరి కూతురు ఒకతె సిగ్నలు కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కి, నిచ్చెన చివరిమెట్టు మీద నిలబడి పాఠం వింటోంది. కాళ్ళు వణుకుతున్నాయి. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఇనప కడ్డీ. మయూమి కింద నిలబడి గడియారం చూసుకుంది. ఆ పిల్ల ఏడు నిమిషాలు ఉండగలిగింది, తర్వాత దిగిపోయింది.

ఆ రోజు నుంచి ఏడు నిమిషాలు దాటిన పాఠం ఆమె చేతుల్లోంచి బయటికి రాలేదు. దేశంలో నాలుగైదు విశ్వవిద్యాలయాలు వచ్చి ఆమె పద్ధతి నేర్చుకుపోయాయి. తండ్రి పాఠాలను కూడా ఆమే కత్తిరించింది. "నా మాటల్ని కూర తరిగినట్టు తరిగేస్తోంది మీ అమ్మాయి," అని ఆయన భార్య దగ్గర చాడీలు చెప్పేవారు. "తరగనీ, నమలడం తేలిక," అనేది ఫెలిసిదాద్.

ఇంత చేసినా మయూమి ఎప్పుడూ కెమెరా వెనకే. ముందు ఎలా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నలభై మందికి నేర్పింది. తనవంతు వస్తే మటుకు ఎర్రదీపం వెలగగానే నాలుక అంగిలికి అంటుకుపోయేది.

ఆ రోజు ఆఫీసులో ఆమె కోసం ఒక ఉత్తరం ఎదురుచూస్తోంది. మిందోరో దీవి నుంచి ఎలియాసెర్ అనే విద్యార్థి పాఠాల పేజీలోనే రాశాడు. చిన్న రైతు, సాయంత్రాలు చదువుకుంటున్నవాడు. విద్యార్థులు ఇలా రాసే ప్రశ్నలకు ఇన్నేళ్ళుగా మయూమీ, ఆమె సహాయకులూ జవాబులిస్తున్నారు. కింద 'పాఠ్య బృందం' అని సంతకం పెడతారు. సారు పోయారని ఎవరూ ఎక్కడా రాయలేదు. దాచాలని కాదు. రాయవలసిన చోటు ఏదో ఎవరికీ తోచలేదు.

'గౌరవనీయులైన సార్ గారికి,' అని మొదలుపెట్టాడు అతను. పొలానికి సుడిదోమ పట్టిందట. పదకొండో పాఠంలో సారు చెప్పిన మందు కోసం తిరిగితే కొట్లో లేదన్నారట. మేనమామ షెడ్డులో పాత సీసా దొరికింది. సారు చెప్పిన కొలతకు కలిపి కొట్టారు. మందు కలిపింది అతని భార్య అంపారో. గంట తిరక్కుండా కళ్ళు మసకలు కమ్మి, నోట నురగ వచ్చి పడిపోయింది. ఆస్పత్రిలో ఆరు రోజులుంది. ఇప్పుడు లేచి తిరుగుతోంది గానీ చేతులు ఇంకా వణుకుతున్నాయి. 'మేము ఎక్కడ పొరపాటు చేశామో చెప్పండి సార్. మీ మాట తప్పు కాదని నాకు తెలుసు, నేనే సరిగ్గా విని ఉండను,' అని ముగించాడు.

మయూమి ఆ చివరి వాక్యాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది. పద్నాలుగేళ్ళ కిందట ఆ పాఠం చెప్పినప్పుడు ఆ మందు అందరూ వాడేదే. తర్వాత నిషేధించారు. ఆ సంగతి ఆమెకు రెండేళ్ళ నుంచి తెలుసు. మార్చవలసిన పాఠాల పట్టికలో పదకొండు అంకె ఎదురుగా తనే గుర్తు పెట్టుకుంది. ప్రతిసారీ వచ్చే సెమిస్టరుకు వాయిదా వేసింది.

డీన్ ఆమెను పిలిచి ఎక్కువ మాట్లాడలేదు. ఆ పాఠాన్ని మధ్యాహ్నానికల్లా ఆపించాడు. శుక్రవారంలోగా దాని స్థానంలో కొత్తది ఉండాలన్నాడు. ఆయన పాఠాలన్నీ ఆమూలాగ్రం తెలిసింది మయూమికి ఒక్కదానికే కాబట్టి ఈసారి కెమెరా ముందు ఆమే నిలబడాలన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఫెలిసిదాద్ పెరట్లో బట్టలు తీస్తోంది. మయూమి ఒక కొస పట్టుకుని దుప్పటి మడత పెట్టిస్తూ, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పదకొండో పాఠం తీసేశామమ్మా."

ఫెలిసిదాద్ దుప్పటి కొస వదల్లేదు. "ఎవరు తీశారు?"

"డీన్ తీయించాడు. నేను చెప్పాల్సింది, ముందే."

"ఒకటే కదా అని మొదలెడతారు. తర్వాత ఇంకోటి పాతబడిందంటారు. ఆపైన చొక్కా పాతబడిందంటారు. ఆఖరికి ఆయన నోట్లో శుభోదయం ఒక్కటే మిగులుస్తారు."

"ఒక మనిషి చావు దాకా వెళ్ళొచ్చిందమ్మా." మయూమి ఉత్తరం సంగతంతా చెప్పింది. ఫెలిసిదాద్ అంతా వింది. అయినా తగ్గలేదు.

"ఆయన చెప్పిన రోజున అది సరైన మాటే."

"సరైనదే. ఇప్పుడు కాదు. అది నాకు రెండేళ్ళుగా తెలుసు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"నీ కోసం. పొద్దున్నే నీకు ఆయన కావాలని."

ఆ మాట అన్నాక ఇద్దరి మధ్యా దుప్పటి గాలికి ఒకసారి ఉబ్బి, అణిగింది. ఫెలిసిదాద్ తన కొసను కూతురి చేతిలో పెట్టేసింది.

"నా మీదకి తోసెయ్యకు యూమీ. నేను అడిగానా నిన్ను? నలుగురికీ పాఠాలు చెప్పేదానివి, నీ ఇంట్లో నోరు తెరవడానికి రెండేళ్ళు పట్టిందా?" తీగ మీద మిగిలిన తువ్వాలు లాగింది. "ఆయన్ని ఒకసారి సాగనంపాను. రెండోసారి నా కూతురి చేత సాగనంపించుకోలేను."

లోపలికి వెళ్ళి ట్యాబ్ తీసుకుని తన గదిలో తలుపు వేసుకుంది.

ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో పాఠం వినబడలేదు. మూకుడు చప్పుడు, కెటిల్ చప్పుడు, కొండ మీద వాన చప్పుడు, అంతే. ఏ రోజు ఏ పాఠమో తెలియక రోజులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఫెలిసిదాద్ వంట మాత్రం మానలేదు. కూతురికి ఇష్టమైన చాక్లెట్ జావ కూడా చేసి, గిన్నె టేబుల్ మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మయూమి అది తిని, గిన్నె కడిగి బోర్లించింది.

శుక్రవారం పొద్దున్నుంచి రికార్డింగు గదిలో ఆమె తొమ్మిదిసార్లు మొదలుపెట్టి తొమ్మిదిసార్లూ ఆగిపోయింది. రాసుకున్న మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పలికితే మాత్రం మందుల సీసా మీది చీటీ చదువుతున్నట్టుంది. కెమెరా చూసే నెస్తోర్ ప్రతిసారీ దీపం ఆర్పి, మంచినీళ్ళు ఇస్తున్నాడు. పదోసారికి సిద్ధమవుతుండగా తలుపు తెరుచుకుంది.

ఫెలిసిదాద్ గుమ్మంలో నిలబడి ఉంది. చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునే బట్టలు వేసుకుంది. భుజాలు తడిశాయి. వానలో జీప్‌నీ బస్సు ఎక్కి ఒక్కతే వచ్చింది. నెస్తోర్ కుర్చీ వేసి, కాఫీ తెస్తానని బయటికి వెళ్ళాడు.

ఆవిడ సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి కూతురి చేతిలో పెట్టింది. తండ్రి చేతిరాత. గొంతు జబ్బుతో ఆఖరి మూడు నెలలూ ఆయనకు మాట పడిపోయింది. ఏం కావాలన్నా కాగితం మీదే రాసేవారు.

'యూమీ, పదకొండు తీసెయ్. నేను చెప్పింది తప్పయింది. ఆ మందు కొడితే ముందు చచ్చేవి సాలీళ్ళు. అవి లేకపోతే సుడిదోమకు అడ్డెవరు? దోమ రెండింతలవుతుంది. గొంతు వస్తే నేనే మళ్ళీ చెబుతాను. రాకపోతే నువ్వు చెప్పు.'

మయూమి రెండుసార్లు చదివింది. అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి.

"నీకిమ్మని ఇచ్చారు," అంది ఫెలిసిదాద్. "ఇస్తే మర్నాడే నువ్వు తీసేస్తావు. నువ్వు అలాంటిదానివే, ఆయనలాగే. ఒక్క పాఠం కదిపితే అన్నీ కదిలిపోతాయనిపించింది. తర్వాత ఇద్దామనుకున్నాను. ఆయన పోయాక అసలే ఇవ్వలేకపోయాను."

"ఆరేళ్ళు దాచావా?"

"దాచాను. ప్రతిసారీ పదో పాఠం అయ్యాక పన్నెండోది పెట్టుకునేదాన్ని. నువ్వెప్పుడూ గమనించలేదు. అంటే చూడు, అది తప్పని నాకు తెలుసు. నేను వినలేని పాఠాన్ని ఊళ్ళో పిల్లలకు వదిలేశాను." చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూసుకుంది. "మొన్న నిన్ను నానా మాటలూ అన్నాను. ఆ తిట్లన్నీ నావే."

మయూమికి కోపం వచ్చింది. వచ్చినంత వేగంగానే దానికి నిలబడే చోటు లేకపోయింది. తల్లి ఆరేళ్ళు దాచింది, తను రెండేళ్ళు దాచింది. ఒకే ఇంట్లో, ఒకే టేబుల్ దగ్గర, ఒకే మనిషి గొంతు వింటూ.

"ఇద్దరం కలిసే చేశామమ్మా," అంది.

గది గోడలకు చప్పుడు రాకుండా మెత్తటి గుడ్డ పరిచి ఉంది. బయటి వాన ఇక్కడికి వినబడదు. నీళ్ళ అడుగున కూర్చున్నట్టుంది.

చివరికి ఫెలిసిదాద్ అడిగింది, "ఎందాకా వచ్చింది నీ పాఠం?"

"శుభోదయం దగ్గరే ఉంది. ఆ గాజుకి చెప్పడం నాకు రాదమ్మా."

"మీ నాన్న మాత్రం గాజుకి చెప్పారా? నాకు చెప్పారు. ముప్ఫై రెండూ నాకే చెప్పారు. కెమెరా పక్కనే కుర్చీ వేసుకుని, చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ కూర్చునేదాన్ని. నేను తలెత్తితే పాఠం బాగుందని, వంచితే విసుగ్గా ఉందని ఆయన లెక్క. నీకు తెలియదా?"

తెలియదు. ఆ రోజుల్లో ఆమె పక్కగదిలో తెర ముందు కూర్చుని, ఎక్కడ కత్తిరించాలా అని చూసేది.

నెస్తోర్ తిరిగి వచ్చాక ఫెలిసిదాద్ తన కుర్చీని తనే జరుపుకుని కెమెరాకు ఎడమ పక్కన కూర్చుంది. ఎర్రదీపం వెలిగింది. మయూమి నోరు తెరిచి, మూసింది. అప్పుడు తల్లి, దీపం సంగతి పట్టించుకోకుండా మామూలు గొంతుతో అడిగింది.

"ఇంతకీ సాలీడు ఆ దోమను ఎలా పట్టుకుంటుందే? గూడు కట్టా?"

"అన్నీ గూడు కట్టవమ్మా," అంది మయూమి. "పొలంలో తిరిగే ఒక రకం ఉంది, అది వేటాడుతుంది. వరి దుబ్బు మొదట్లో నీళ్ళ మీద పరుగెడుతుంది..." చెబుతూ చెబుతూ ముందుకు వంగింది. చేతులతో దుబ్బు చూపించింది. సుడిదోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో, పొలంలో దిగి ముందు ఏం లెక్కపెట్టాలో, ఎప్పుడు నీళ్ళు తీసెయ్యాలో చెప్పింది. తన తండ్రి ఈ పాఠంలో ఒక మందు పేరు చెప్పారనీ, దాన్ని ఇప్పుడు ఎవరూ వాడకూడదనీ, పాత సీసాలు ఇంట్లో ఉంటే ముట్టుకోకుండా వ్యవసాయ అధికారికి చెప్పాలనీ చెప్పింది. "ఆయనే దీన్ని దిద్దమన్నారు. ఆలస్యం చేసింది నేను," అంది. ఏడు నిమిషాలకు కాస్త ఎక్కువే అయింది. ఫెలిసిదాద్ ఒక్కసారి కూడా తల వంచలేదు.

ఆదివారం ఇద్దరూ మిందోరో వెళ్ళారు. వెళ్ళాలన్నది ఫెలిసిదాదే. ఉత్తరం రాస్తే చాలదంది. లేత కొబ్బరి కూరి కాల్చిన 'పై' రొట్టెలు రెండు పెట్టెలు కొనుక్కుని, తెల్లవారాక బస్సులో రేవుకు, అక్కడి నుంచి ఓడలో. సముద్రం మీద ఎండ పలచగా ఉంది. నీరూ ఆకాశమూ ఒకటే రంగులో కలిసి, ఓడ కదులుతోందో నిలిచిందో తెలియడం లేదు. చుట్టూ జనం సంచుల మీద తలలు పెట్టుకుని నిద్రపోతున్నారు.

"ఆయన ఈ దీవికి ఒక్కసారీ రాలేదు," అంది ఫెలిసిదాద్ రెయిలింగు పట్టుకుని. "గొంతు ఒక్కటే ముందొచ్చేసింది."

కబురు అందుకుని ఎలియాసెర్ రేవులో ఎదురుచూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఎండకు నల్లబడ్డ మనిషి. తన ట్రైసైకిల్లోనే, పక్కన సీటు బిగించిన మోటారుబండిలో, ఇంటికి తీసుకువెళ్ళాడు. ఇంటి ముందు వెదురు బల్ల మీద అంపారో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నీళ్ళ గ్లాసు అందిస్తుంటే చెయ్యి వణికి కొంచెం ఒలికింది. ఆమె నవ్వి తుడుచుకుంది. మేడమ్ ఇంత దూరం వస్తారనుకోలేదంది. సారు గారి భార్య అని తెలిసేసరికి లేచి నిలబడబోయింది.

"సార్ రాలేదా అమ్మా? ఒంట్లో బాగుంటున్నారా?" అని అడిగింది. "వంట చేసేటప్పుడు ఈయన సార్‌ని పెడతాడు. ఇంట్లో పెద్దాయన ఉన్నట్టుంటుంది నాకు."

మయూమి జవాబు చెప్పబోయింది. తల్లి ఆమె మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆయన లేరమ్మా," అంది ఫెలిసిదాద్. "చనిపోయారు. ఆరేళ్ళయింది."

ఎలియాసెర్ తల మీది టోపీ తీశాడు. పక్క పొలంలో బాతులు ఒక వరస నుంచి ఇంకో వరసలోకి పోతున్నాయి.

"మొన్న కూడా విన్నామే," అంది అంపారో, ఎవరితోనూ కాదన్నట్టు.

"నేనూ రోజూ విన్నాను." ఫెలిసిదాద్ ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. "నీకు జరిగినదాంట్లో నా తప్పుంది. ఆ మాట దిద్దమని ఆయన రాసిచ్చారు. కాగితం నేను దాచాను. ఆయన గొంతు పోతుందని భయపడి దాచాను. క్షమించమని అడగడానికి వచ్చాను. క్షమించకపోయినా చెప్పి వెళ్దామని వచ్చాను."

అంపారో తన చేతుల్ని ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కి పట్టుకుంది. "ఆ రోజు నాకు ఈయన మొహం కనబడలేదు," అంది మెల్లగా. "పేరు పెట్టి పిలుస్తున్నాడు, వినబడుతోంది. మనిషి కనబడలేదు. చచ్చిపోతున్నానేమో అనుకున్నాను." అంతవరకు చెప్పి ఆగింది. తర్వాత, వణుకుతున్న చేత్తోనే పెద్దావిడ చెయ్యి అందుకుని, పెద్దల దీవెన తీసుకునేటప్పటిలా ఎత్తి తన నుదుటికి ఆనించుకుంది.

"ఇప్పుడు మాకెవరు చెబుతారమ్మా పాఠాలు?"

ఫెలిసిదాద్ కూతురి వంక చూసింది. "ఇదుగో, ఇది చెబుతుంది. మొదలుపెట్టడానికి కాస్త తటపటాయిస్తుంది. మీరు ఎదురుగా కూర్చుంటే బాగా చెబుతుంది."

భోజనాలయ్యాక ఎలియాసెర్ పొలం చూపించాడు. మయూమి చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగింది. ఒక దుబ్బు విడదీసి మొదట్లో చూపిస్తూ మాట్లాడింది. అతను పక్కనే వంగి అడుగుతున్నాడు. గట్టు మీద అంపారో, ఫెలిసిదాద్ నిలబడి వింటున్నారు. గాలికి పొలమంతా ఒక వైపు ఒరిగి, మళ్ళీ నిలబడుతోంది.

తిరుగు ఓడ వేళ దగ్గరపడింది. మొగుడూ పెళ్ళాలు ముందు నడుస్తున్నారు. ఫెలిసిదాద్ గట్టు మధ్యలో ఆగిపోయింది. వెనక వస్తున్న మయూమి కంగారుగా దగ్గరికి వచ్చి, కాలు జారిందా అని అడిగింది.

లేదన్నట్టు ఆవిడ తల ఊపింది. కూతురి భుజం పట్టుకుంది.

"కాసేపు ఆగవే యూమీ," అంది. "ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు."

మయూమి బురద కాళ్ళతోనే గట్టు మీద నిలబడి, తల్లిని రెండు చేతులతో పట్టుకుంది. ఓడకు ఇంకా సమయం ఉందని చెప్పింది.